మంట ముందు ఎర్ర గీత

పెనుగొలను రైతుకు డీఏపీ గురించి ఒకరు చెప్పాల్సింది లేదు. తిరువూరు, గంపలగూడెం చుట్టుపక్కల పల్లెల్లో తొలకరి పడిందంటే పత్తికైనా, మిర్చికైనా, మొక్కజొన్నకైనా ముందు వెతుక్కునేది ఆ బస్తానే. దాని మీద 18-46-0 అని అచ్చువేసి ఉంటుంది. నూటికి 18 పాళ్లు నత్రజని, ఆక్సైడు లెక్కలో 46 పాళ్లు భాస్వరం, పొటాష్ లేదు. పూర్తి పేరు డైఅమ్మోనియం ఫాస్ఫేట్. అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో అడవి అంటుకున్నప్పుడు పెద్ద విమానాలు కొండల మీద కుమ్మరించే ఎర్రటి ద్రవాన్ని చాలామంది టీవీలో చూసే ఉంటారు. 2025 జనవరిలో లాస్ ఏంజెలెస్ చుట్టూ కొండలు తగలబడినప్పుడు ఇళ్ల కప్పుల మీద, కార్ల మీద, రోడ్ల మీద పడ్డ గులాబీరంగు పూత ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ ద్రవంలో అసలు పని చేసే సరుకు మన డీఏపీ, దానికి దగ్గరి చుట్టమైన మోనోఅమ్మోనియం ఫాస్ఫేట్.

పైరుకు బలమిచ్చే లవణం మంటను ఎలా ఆపుతుంది?

ఎండుటాకు అంటుకుందంటాం గానీ, మంటై లేచేది ఆకులోంచి వచ్చే వాయువులు. వేడి సుమారు 300 డిగ్రీల సెల్సియస్‌కు చేరేసరికి ఆకులో, కొమ్మలో ఉన్న సెల్యులోజ్ ముక్కలై ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. ఆ వేడికి పక్కనున్న ఆకు ఆవిరినిస్తుంది. మంట నడిచేది ఇలాగే. నీళ్లు చల్లితే వేడి తగ్గుతుంది, కానీ ఆ నీరు ఆరేదాకానే. ఏప్రిల్ మధ్యాహ్నం వడగాలిలో, దగ్గర్లో మంట ఉండగా అది ఎంతోసేపు నిలవదు. ఫాస్ఫేట్ దారి వేరు. వేడి తగలగానే అది అమ్మోనియాను వదిలేస్తుంది. మిగిలేది ఫాస్ఫారిక్ ఆమ్లం. ఈ ఆమ్లం సెల్యులోజ్‌లోని హైడ్రోజన్‌ను, ఆక్సిజన్‌ను నీటి రూపంలో లాగేసి, కార్బన్‌ను బొగ్గుగా అక్కడే నిలబెడుతుంది. మండే వాయువుగా ఎగిరిపోవాల్సిన పదార్థంలో ఎక్కువ భాగం బొగ్గూ నీటి ఆవిరీ అయిపోతుంది. మంటకు తిండి దొరకదు. పైగా ఆ బొగ్గు పొర అడుగున ఉన్న కట్టెకు వేడి తగలకుండా అడ్డుపడుతుంది. చల్లిన నీరంతా ఎండిపోయినా, లవణం ఆకును అంటిపెట్టుకుని ఉన్నన్నాళ్లు ఈ రసాయన చర్యకు అది సిద్ధంగా ఉంటుంది. వీటిని దీర్ఘకాలిక నిరోధకాలు అనడం అందుకే. నురుగులు, మామూలు నీటి జెల్లులు తడి ఉన్నంతసేపే పనిచేస్తాయి.

ఇది కొత్తగా కనిపెట్టిన గుణం కాదు. నాటకశాలల్లో తెరలు అంటుకుని జనం చనిపోతున్న రోజుల్లో ఫ్రెంచి రాజు పద్దెనిమిదవ లూయీ కోరిక మీద రసాయనవేత్త గేలుసాక్ 1821లోనే అమ్మోనియం ఫాస్ఫేట్‌తో, వెలిగారంతో బట్టలకు మంట అంటకుండా చేసే పద్ధతి ప్రకటించాడు. బడిలో, పెట్రోలు బంకులో, సినిమా హాల్లో గోడకు తగిలించిన ఏబీసీ రకం ఎర్ర సిలిండర్లో ఉండేదీ మోనోఅమ్మోనియం ఫాస్ఫేట్ పొడే. మేలురకం అగ్గిపుల్లలను తయారీలో ఈ లవణ ద్రావణంలో ముంచుతారు. ఊది ఆర్పాక పుల్ల చివర నిప్పు రవ్వ రాజుకుంటూ ఉండకపోవడానికి అదే కారణం.

విమానం నుంచి దీన్ని అడవి మీద వేయడం మాత్రం వేరే విద్య. టీవీలో చూసిన చాలామంది విమానం మంట మీద మందు పోసి ఆర్పుతోందనుకుంటారు. పద్ధతి అది కాదు. మంట ఎటు నడుస్తోందో చూసి, దాని దారిలో ముందుగా, ఇంకా అంటుకోని చెట్టూ చేమ మీద ఒక పట్టీలా మందు పరుస్తారు. మంట అక్కడికి వచ్చి నెమ్మదిస్తుంది. ఆ వ్యవధిలో నేల మీది సిబ్బంది పారలతో, రంపాలతో మిగతా పని చూడాలి. నేల మీద మనుషులు లేకుండా ఆకాశం నుంచి మందు వేసినంత మాత్రాన పెద్ద మంట ఆగదు. పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తర్వాత వచ్చే పైలట్‌కు కనిపించాలి కాబట్టి ఐరన్ ఆక్సైడ్ కలిపి ఎర్రరంగు తెప్పిస్తారు. ఎండకు కొన్నాళ్లలో వెలిసిపోయే రంగులు కలిపిన రకాలూ ఉన్నాయి.

పట్టీ పడాలంటే ద్రవం గాలిలో చెదరకూడదు. విమానం నేలకు 45 నుంచి 75 మీటర్ల ఎత్తులో, గంటకు 200 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతూ తలుపు తెరుస్తుంది. ఉత్త నీరైతే ఆ గాలి దెబ్బకు చిన్న తుంపరలై, కొంత ఆవిరై, కొంత పక్కకు కొట్టుకుపోతుంది. అందుకే బంక కలుపుతారు. ఆ బంకల్లో ముఖ్యమైనది మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసిన గోరు బంక. తెలంగాణలో గోకరకాయ అనే ఈ కాయను మనం వేపుడు చేసుకుంటాం. రాజస్థాన్ రైతులు గింజ కోసం లక్షల ఎకరాల్లో వేస్తారు. ప్రపంచంలో ఈ బంకను అన్నిటికన్నా ఎక్కువగా తయారుచేసి అమ్మేది భారతదేశమే. కాలిఫోర్నియా అడవుల మీద పడే ద్రవంలో ఎడారి పక్క పొలాల రైతు చెమట కూడా ఉంది. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి. బంక కలిసిన ద్రవం పెద్ద పెద్ద బొట్లుగా కిందికి దిగి ఆకుకూ కొమ్మకూ అంటుకుంటుంది.

ఇక్కడికి రావడానికి దశాబ్దాలు పట్టింది. 1954లో కాలిఫోర్నియాలో ఆపరేషన్ ఫైర్‌స్టాప్ పేరుతో పెద్ద ఎత్తున ప్రయోగాలు చేశారు. 1955లో విల్లోస్ అనే ఊళ్లో పంటలకు మందు కొట్టే స్టియర్‌మన్ విమానానికి నీళ్ల ట్యాంకు బిగించి మెండోసినో అడవిలో మంట మీద నీరు వదిలారు. మరుసటి ఏడాదికి నీటిలో సోడియం కాల్షియం బోరేట్ కలిపారు. మంట ఆగింది, కానీ బోరేట్ పడిన చోట గడ్డి కూడా మొలవలేదు. ఆ విమానాలకు బోరేట్ బాంబర్లనే పేరు మిగిలింది, బోరేట్ మాత్రం పోయింది. తర్వాత బెంటొనైట్ బంకమన్ను కలిపారు. అది నీటిని పట్టి ఉంచుతుందే గానీ తనంతట తాను మంటను అడ్డుకోలేదు. 1960లలో అమ్మోనియం లవణాలు రంగంలోకి వచ్చాయి. ఈ రోజుకూ ఫాస్‌చెక్ పేరుతో అమ్ముడయ్యే మందులకు ఆధారం అవే.

నేలను చంపే బోరేట్ స్థానంలో నేలకు బలమిచ్చే ఎరువు వచ్చింది కదా, ఇక బాధేముంది అనిపించవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు పెనుగొలను రైతు దగ్గరే ఉంది. ఎకరానికి డీఏపీ ఎంత వేస్తారు? ఒక బస్తా, మహా అయితే రెండు. ఇప్పుడు విమానం లెక్క చూద్దాం. ఒక మోస్తరు పొదలున్న అడవిలో వంద చదరపు అడుగులకు నాలుగు గాలన్ల చొప్పున మందు పరుస్తారు. చదరపు మీటరుకు లీటరున్నరకు పైమాటే. ఎకరానికి సుమారు 6,600 లీటర్లు. లీటరులో వంద గ్రాముల ఎరువు లవణం ఉందనుకుంటే, ఎకరానికి 660 కిలోలు. అంటే 13 బస్తాలు! పదకొండు వేల లీటర్లు పట్టే ట్యాంకర్ విమానం ఒక్క విడతలో వదిలేది 20 బస్తాలకు పైగా. డీసీ-10 జెట్ ట్యాంకరు ఏకంగా 35,000 లీటర్లు మోస్తుంది. ఏ పైరుకూ అక్కర్లేనంత ఎరువు, ఏ ఎరువూ ఎరగని అడవి నేల మీద, ఒకే క్షణంలో పడుతుంది.

అడవి మొక్కల్లో చాలా వాటికి పేద నేలలో బతకడం అలవాటు. ఎరువు పడితే ముందు లేచేది కలుపే. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పొదల నేల మీద ఫాస్‌చెక్ చల్లి చూసిన అధ్యయనం 2005లో వెలువడింది. కొన్ని స్థానిక మొక్కల కొమ్మలు ఎండిపోయాయి, కలుపు మొక్కలు పెరిగాయి. లాంటానా ఇప్పటికే అల్లుకుపోతున్న మన నల్లమల అంచుల్లో ఇలాంటి ఎరువు పడితే ఏమవుతుందో ఊహించడానికి గొప్ప శాస్త్రం అక్కర్లేదు.

నీటిలో పడితే సంగతి ఇంకా తీవ్రం. ఇక్కడ కైకలూరు, కొల్లేరు వైపు చేపల చెరువుల రైతులు మనకు గురువులు. చెరువులో అమ్మోనియా పెరిగితే చేప పైకి తేలి నోరు తెరుస్తుందని, తెల్లారేసరికి చెరువు ఖాళీ అవుతుందని వాళ్లకు అనుభవంతో తెలుసు. అందుకే కిట్ పెట్టి నీటిని చూసుకుంటూ ఉంటారు. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న అమ్మోనియం రూపం పెద్దగా హాని చేయదు. ఆవేశం లేని అమ్మోనియా చేప మొప్పల గుండా నేరుగా రక్తంలోకి పోయి చంపుతుంది. ఈ రెండింటి వాటాను నిర్ణయించేవి నీటి క్షారత, ఉష్ణోగ్రత. పీహెచ్ 8 ఉన్న నీటిలో 20 డిగ్రీల దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపం నూటికి నాలుగు పాళ్ల లోపు. అదే నీరు 30 డిగ్రీలకు వెచ్చబడితే ఏడున్నర పాళ్లు. అంటే ఒకే మోతాదు మందు చల్లటి అమెరికా సెలయేటిలో కన్నా మన వేసవి వాగులో దాదాపు రెట్టింపు విషం. ఇక్కడ ఎలాంటి మందు కావాలన్న ప్రశ్నకు ఈ ఒక్క లెక్క చాలావరకు జవాబు చెబుతుంది.

చల్లటి నీళ్లలో కూడా ఘోరాలు జరిగాయి. 2002లో ఒరెగాన్ రాష్ట్రంలోని ఫాల్ రివర్‌లో పొరపాటున మందు పడి వేల సంఖ్యలో ట్రౌట్ చేపలు చచ్చిపోయాయి. ఆ రోజుల్లో కొన్ని మందుల్లో లోహం తుప్పు పట్టకుండా సోడియం ఫెర్రోసయనైడ్ కలిపేవారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే అందులోంచి సయనైడ్ విడివడుతుంది. ఇది తేలాక 2000 దశకంలో దాన్ని మానేశారు. నీటి ఒడ్డుకు 300 అడుగుల లోపల మందు వేయకూడదని అమెరికా అటవీ శాఖ నియమం పెట్టుకుంది. అయినా గాలి, పొగ, కొండ మలుపులు పైలట్ల చేతిలో ఉండవు. నీటిలో పడుతూనే ఉందని పర్యావరణ సంస్థ ఒకటి కోర్టుకెక్కింది. నీటి కాలుష్య చట్టం కింద అనుమతి తీసుకోవాల్సిందేనని 2023 మేలో మోంటానా ఫెడరల్ కోర్టు చెప్పింది. అయితే అనుమతి వచ్చేదాకా మందు వాడకం ఆపమని మాత్రం అనలేదు. ఊళ్లు తగలబడుతుంటే ఆపమనడం ఏ న్యాయమూర్తికైనా కష్టమే.

తర్వాతి ఏడాది దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మెక్‌కరీ బృందం మరో సంగతి బయటపెట్టింది. వాళ్లు పరీక్షించిన ఫాస్‌చెక్ రకంలో కాడ్మియం, క్రోమియం, వనాడియం వంటి లోహాలు తాగునీటి పరిమితుల కన్నా చాలా రెట్లు ఎక్కువగా ఉన్నాయి. 2009 నుంచి 2021 దాకా అమెరికాలో ఇలాంటి మందుల ద్వారా సుమారు 380 టన్నుల విష లోహాలు నేలకు చేరి ఉంటాయని వాళ్ల అంచనా. ఈ లోహాలు ఎక్కడివో కాకినాడలోనో విశాఖలోనో ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసేవారికి చెప్పనక్కర్లేదు. భాస్వరం వచ్చేది రాక్ ఫాస్ఫేట్ అనే రాయి నుంచి. ఆ రాయిలో పుట్టుకతోనే కాడ్మియం ఉంటుంది. గనిని బట్టి కొన్నిట్లో తక్కువ, కొన్నిట్లో ఎక్కువ. పొలానికి వెళ్లే ఎరువులో ఎంత కాడ్మియం ఉండవచ్చో యూరప్ ఇప్పటికే పరిమితి పెట్టింది. కొండ మీద, తాగునీటి వాగుల పైన కుమ్మరించే మందుకు అంతకన్నా శుద్ధమైన ఫాస్ఫేట్ వాడమని అడగడం న్యాయమే. ఇది పెద్ద కొత్త శాస్త్రం కూడా కాదు. ఆమ్లాన్ని శుద్ధి చేసే విద్య పరిశ్రమకు తెలుసు, ఖర్చు ఎక్కువ, అంతే.

అసలు ఫాస్ఫేటే వద్దనుకున్నవారూ ఉన్నారు. ఫోర్ట్రెస్ అనే కంపెనీ మెగ్నీషియం క్లోరైడ్‌తో మందు చేసింది. అమ్మోనియా లేదు, భాస్వరం లేదు, చేపలకు హాని తక్కువ. 2022 చివర్లో అమెరికా అటవీ శాఖ ఆమోదం దొరికింది. 2023లో వాడారు. ఆ ఏడాది దాన్ని మోసిన విమానాల్లో తుప్పు కనిపించింది. 2024కు దాన్ని పక్కన పెట్టారు. క్లోరైడు లోహాన్ని తినేస్తుందని సముద్రతీరంలో ఇల్లు కట్టుకున్న ప్రతివారికీ తెలుసు. అల్యూమినియం రెక్కల మీద ఆధారపడిన మనుషుల ప్రాణాలతో ఆ ప్రమాదం తీసుకోలేరు. చేపను కాపాడే మందు పైలట్‌ను ప్రమాదంలో పెట్టింది. నా దృష్టిలో ఈ రంగంలో అన్నిటికన్నా బాధాకరమైన వైఫల్యం ఇదే, ఎందుకంటే ఉద్దేశం సరైనది.

ఇప్పుడు మన కొండల దగ్గరికి వద్దాం. 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకున్నాయి. రోజులు గడిచినా మంట అదుపులోకి రాక, అది తిరుమల వైపు వస్తుండటంతో వైమానిక దళాన్ని పిలిచారు. ఎంఐ-17 హెలికాప్టర్లు తాడుకు వేలాడే బాంబీ బకెట్లతో కొండ మీది జలాశయాల నీళ్లు ముంచి మంటల మీద పోశాయి. తెలుగు నేల మీద ఆకాశం నుంచి అడవి మంటతో పోరాడిన సందర్భాల్లో జనానికి బాగా గుర్తున్నది ఇదే. అప్పుడు పోసింది ఉత్త నీరు. ఆ నీటిలో ఫాస్ఫేట్ మందు కలిపి ఉంటే మంట ఇంకా త్వరగా ఆగేదేమో. కానీ తర్వాత మొదటి వానకు ఆ లవణమంతా ఎక్కడికి పోయేది? గోగర్భం, ఆకాశగంగ, పాపవినాశనం, కుమారధార, పసుపుధార జలాశయాల్లోకే. తిరుమలకు వచ్చే భక్తులు తాగే నీళ్లు చాలావరకు ఆ అడవి వాలుల నుంచి దిగేవే. నల్లమలలో చెంచు పెంటల వాళ్లు వేసవిలో వాగు ఇసుక తవ్వి చెలమ నీళ్లు తోడుకుంటారు. 300 అడుగుల నియమం పెట్టుకుందామన్నా, మ్యాపులో లేని చెలమకు ఆ దూరం ఎవరు కొలుస్తారు?

మన అడవి మంట స్వభావం కూడా వేరు. కాలిఫోర్నియాలో మంట చెట్ల తలలెక్కి దూకుతుంది. మనవి ఆకురాల్చే అడవులు. ఫిబ్రవరి నుంచి టేకు, వెదురు, మద్ది ఆకు రాలి నేల మీద మందంగా పేరుకుంటుంది. మంట ఎక్కువగా ఆ ఆకు మీదే, బోదగడ్డి మీదే పాకుతుంది. దాదాపు అన్నీ మనిషి పెట్టినవే. ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రం చేసే నిప్పు, తునికాకు చిగుళ్ల కోసం పెట్టే నిప్పు, ఘాట్ రోడ్డు పక్కన పారేసిన బీడీ. కొండపల్లి బొమ్మలకు తెల్లపొణికి కర్ర ఇచ్చే మా జిల్లా అడవిలోనూ ఇదే కథ. ఇలాంటి మంటకు హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహాల నుంచి హెచ్చరిక పంపుతుంది. ఫైర్ వాచర్లు పచ్చి కొమ్మలతో, బ్లోయర్లతో వెళ్లి ఆకును పక్కకు తోసి దారి కోసేస్తారు. ఆ మనుషులు సమయానికి చేరితే విమానం అవసరమే రాదు.

అందుకే నాకు ఎక్కువ ఆశ కలిగించిన పరిశోధన విమానానిది కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎరిక్ అప్పెల్ బృందం 2019లో ఒక జెల్ ప్రకటించింది. మంటను ఆపే లవణం అందులోనూ ఫాస్ఫేట్ రకమే, అమ్మోనియం పాలీఫాస్ఫేట్. మారింది దాన్ని మోసే పదార్థం. సెల్యులోజ్ నుంచి చేసిన పాలిమర్లు, సన్నని సిలికా రేణువులు కలిసి నీటిలో ఒక వలలాంటి అల్లిక అవుతాయి. పంపు నుంచి వచ్చేటప్పుడు పలచగా పారుతుంది, ఆకు మీద పడగానే మళ్లీ గట్టిపడి అతుక్కుంటుంది. మామూలు మందు తేలికపాటి వానకే కొట్టుకుపోతే, ఇది నిలుస్తుంది. దీన్ని మంట వచ్చాక కాకుండా మంటలు మాటిమాటికీ పుట్టే రోడ్డు పక్క పట్టీల్లో సీజన్ మొదట్లోనే ఒకసారి కొట్టి వదిలేయాలన్నది వాళ్ల ఆలోచన. అదే బృందం 2024లో మరో జెల్ చూపింది. దానిలో నీరు ఆవిరయ్యాక సిలికా నురుగులాంటి ఏరోజెల్‌గా మారి వేడిని అడ్డుకుంటుంది. అది ఇళ్లను, కట్టడాలను కాపాడటానికి.

మన కాలానికి ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. మంటల కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా, నైరుతి రాక జూన్‌లో. మధ్యలో అకాల వర్షం ఒకటీ రెండూ తట్టుకుంటే చాలు. ఘాట్ రోడ్డు అంచు, అలిపిరి మెట్ల దారి పక్క, అటవీ శాఖ ఏటా వేసవికి ముందు తీసే ఫైర్ లైన్లు: ఇవన్నీ ట్రాక్టరు ట్యాంకుతో, పవర్ స్ప్రేయరుతో అందే చోట్లే. మామిడి తోటలకు మందు కొట్టే కుర్రాళ్లకు ఈ పని చేతికొచ్చిన విద్య. కొండ మీద ఎకరాల కొద్దీ కుమ్మరించకుండా రెండు మూడు మీటర్ల పట్టీకి పరిమితమైతే మందు మోతాదు ఎన్నో రెట్లు తగ్గుతుంది. నీటి వైపు వాలున్న చోటును మనిషి కళ్లతో చూసి వదిలేయవచ్చు.

ముందు తేల్చాల్సినవి ఉన్నాయి. అమెరికాలో మందుకు ఆమోదం ఇచ్చేముందు చేసే మంట పరీక్షల్లో పాండరోసా పైన్ సూదులను, చెక్క పీచును పరుస్తారు. మన టేకాకు పళ్లెమంత వెడల్పు, గరుకు. దాని మీద జెల్ ఎంత నిలుస్తుంది, ఆకు కింది వైపు మందు పట్టకపోతే మంట అడుగు నుంచి పాకుతుందా అన్నది మన ఆకు మీదే చూడాలి. అంత చేయగల రసాయన ప్రయోగశాల హైదరాబాద్ తార్నాకలోని ఐఐసీటీలో ఉంది. కాడ్మియం తక్కువున్న ఫాస్ఫేట్‌తో చేసిన జెల్లును శేషాచలం అంచున ఒక చిన్న పట్టీలో కొట్టి, మొదటి వాన కురిశాక కింది వాగు నీటిలో అమ్మోనియా, భాస్వరం, లోహాలు కొలవాలి. నీరు 30 డిగ్రీలున్నప్పుడు, పీహెచ్ 8 దాటినప్పుడు కొలవాలి. అందులో మన వాగు చేపలను ఉంచి చూడాలి. ఆ అంకెలు చేతికొచ్చేదాకా తిరుమల కొండ మీదికి ఎగిరే బకెట్లో ఉత్త నీరే ఉండటం మంచిది.